మోకాలి కింద కాజీపేట లైను

మొన్న మా మనవడి భార్యకు పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేశారు. మరునాడు పొద్దున డాక్టరు గారు వచ్చి, "గ్యాస్ పాసైందా అమ్మా?" అని అడిగారు. మంచం చుట్టూ మా అబ్బాయి, కోడలు, మనవడు, డాక్టరు వెంట వచ్చిన ఇద్దరు వైద్య విద్యార్థులు. ఆ పిల్ల చేతిలోని ఫోను చూసుకుంటూనే, "ఇంకా లేదు డాక్టర్, కడుపంతా రాయిలా ఉంది" అని చెప్పేసింది. మామగారి ఎదుట! జ్వరం ఎంతుందో చెప్పినంత తేలిగ్గా! నేను మూలన కుర్చీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ముసలామెకు సిగ్గేసిందని అందరూ అనుకున్నారు. సిగ్గా, నా మొహమా! నవ్వు ఆగక.

కాసేపటికి ఒక నర్సు వచ్చింది. దుప్పటి పక్కకు జరిపి, పిల్ల మోకాలి చిప్ప కింద తన వేళ్లు అడ్డంగా పెట్టి కొలిచి, ఎముకకు బయటివైపు బొటనవేలు ఆనించి మెల్లగా వత్తడం మొదలుపెట్టింది. ఆపరేషన్ తర్వాత పేగులు కదలడానికి, ఉబ్బరం తగ్గడానికి ఇది సాయం చేస్తుందని మా కోడలికి చెబుతోంది. నాకు కూర్చున్నచోట ఒళ్లు ఝల్లుమంది. అరవై ఏళ్లు దాటింది ఆ చోటు మీద ఇంకొకరి వేలు చూసి.

"తల్లీ, కొలత నీ వేళ్లతో కాదు, ఆ పిల్ల వేళ్లతో తియ్యి. ఎవరి కాలుకు వాళ్ల వేళ్లే కొలత" అన్నాను.

నర్సు నవ్వింది. "అవునమ్మమ్మా, మాకూ అట్లనే చెప్పిన్రు, తొందరల మరిచిన. మీకెవరు నేర్పిన్రు?"

ఎవరని చెప్పను? ఆవిడ పేరు నాకు తెలియదు. ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు వార్డంతా ఖాలా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. బోయిగూడలో మామగారికి కలప డిపో ఉండేది. కడుపులో నొప్పి అంటే వాము నీళ్లు పట్టి పడుకోబెట్టారు. ఆ నొప్పి ముదిరి, అపెండిక్స్ పగిలి, ప్రాణం మీదికి వచ్చాక సికింద్రాబాదులో ఆడవాళ్ల వార్డున్న ఆసుపత్రికి జట్కాలో తెచ్చి పడేశారు. నిజాం సర్కారు మీద పోలీసు చర్య మొదలైన రోజులవి. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు, ఆకాశంలో విమానాల మోత, బజారులో సగం దుకాణాలకు తాళాలు. ఎవడు వచ్చి కలపకు నిప్పు పెడతాడోనని నా భర్త రాత్రింబవళ్లు డిపోలోనే కాపలా. నా దగ్గర అత్తమ్మ, మామగారు ఉన్నారు.

నా పక్క మంచమే ఖాలాది. మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, పొట్టి, భుజాలు మాత్రం మగవాళ్లకు మల్లే ఉండేవి. కడుపులో గడ్డ తీశారు. గాయం మానింది, ఇంటికి పొమ్మన్నారు, కానీ తీసుకుపోయే మనిషి లేడు. ఆమె భర్త రైలింజన్లో బొగ్గు వేసే పని చేసేవాడు. గూడ్సు బండి మీద కాజీపేట వైపు వెళ్లాడు. ఈలోగా గొడవ మొదలై బండ్లు ఆగిపోయాయి. ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు.

అలాంటి మనిషి మంచం పట్టుకుని ఏడుస్తూ కూర్చోవాలి కదా. ఖాలా కూర్చునే రకం కాదు. పాత చున్నీ మడతపెట్టి కడుపుకు బిగించి కట్టుకుని, ఒక చెయ్యి ఆ కట్టు మీద వేసి, వార్డంతా తిరిగేది. ఎవరి మంచం దగ్గర ఆగినా మొదటి మాట ఒకటే. "ఏందీ, పోయిందా?" లేదంటే స్టూలు లాక్కుని కూర్చునేది. పోయిందంటే, "షుకర్ హై" అని తర్వాతి మంచానికి నడిచేది. ఆ వార్డులో కోత పడిన ప్రతి ఆడదానికీ కడుపులోంచి గాలి పోయేదాకా చుక్క నీళ్లు లేవు, మెతుకు లేదు. అంచేత మా అందరికీ అదొక్కటే పండగ. అయినా దాని గురించి నోరు తెరిచి మాట్లాడేది మాత్రం ఈవిడే.

ఆమె తండ్రి తాలీంఖానా నడిపిన పహిల్వాన్ అట. కుస్తీలో దెబ్బ తిన్నవాళ్లకు ఎక్కడ వత్తితే ఏది సర్దుకుంటుందో కూతురికి నేర్పాడు. దాన్ని వార్డులో షురూ చేసే ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అడిగింది. డాక్టరమ్మ మంచిది. "కడుపు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. కాలు, చెయ్యి వత్తితే నష్టం లేదు, చెయ్యి" అంది. ఖాలా ఆ గీత దాటగా నేను చూడలేదు. ఎవరైనా నొప్పికి తాళలేక ఆమె చెయ్యి పట్టుకుని పొట్ట మీదికి లాక్కున్నా, టక్కున వెనక్కి తీసుకునేది.

వత్తేటప్పుడు అంకెలు లెక్కపెట్టేది కాదు. స్టేషన్ల పేర్లు చెప్పేది. కుడికాలు మీద మౌలాలిలో మొదలుపెట్టి, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, వంగపల్లి, ఆలేరు, పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్, కాజీపేట. ఒక్కో పేరుకు బొటనవేలు లోపలికి దిగి, తిరిగి, పైకి వచ్చేది. అక్కడ గుమ్మని ఒక నొప్పి పాదం దాకా పాకేది. కాజీపేట చేరాక కాలు మార్చి, ఎడమకాలు మీద అవే పేర్లు తిరగేసి చెప్పుకుంటూ మౌలాలికి వచ్చేది. మధ్యలో ఆపమంటే ఆపదు. "పోయిన బండిని వాపసు తేవాలె గద" అనేది. భర్త డ్యూటీ ఎక్కిన కొత్తలో ఆయన వచ్చేదాకా నిద్ర పట్టక నేర్చుకున్న పేర్లట అవి.

ఇక నా సంగతి. కోత పడ్డాక నా కడుపు రోజురోజుకూ ఉబ్బుతోంది. రబ్బరు గొట్టం పెట్టి చూశారు, లాభం లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది. డాక్టరమ్మ మా అత్తమ్మతో, "రేపు పొద్దుటికి గాలి కదలకపోతే మళ్లీ తెరిచి చూడాలి. ఈ పిల్ల రెండోసారి తట్టుకుంటుందని నేను మాట ఇవ్వలేను" అని నా ముందే చెప్పింది. అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని తన పుస్తెలు కళ్లకద్దుకుంది.

ఖాలా నాకూ వత్తడానికి వచ్చింది. అత్తమ్మ అడ్డం నిలబడింది.

"ఎందుకమ్మా, వద్దు. ఈ రోజులల్ల ఒకరి చెయ్యి ఒకరి మీద పడనిచ్చేటట్టున్నదా?"

"అక్కా, నీ కోడలు బతుకుడు ముఖ్యమా, నా చెయ్యి ఎవరిదని సూసుడు ముఖ్యమా? జెర పక్కకు జరుగు." అంటూనే స్టూలు వేసుకుంది.

ఆ పూట కాజీపేటకు పోయి వచ్చింది. మధ్యాహ్నం ఇంకోసారి పోయి వచ్చింది. నా కడుపులో కాస్త కదిలినట్టే ఉండేది, అంతలోనే బిగుసుకునేది. ఖాలా నా మొహంలోకి చూసింది. నా మోకాళ్ల వైపు చూసింది. తర్వాత తలుపు దగ్గర మాకు వీపు తిప్పి కూర్చున్న మామగారి వైపు చూసింది. నా చెవి దగ్గరికి వంగింది.

"పట్టి పెడుతున్నవు గదనే?"

నేను కళ్లు మూసుకున్నాను. ఇప్పటి పిల్లలకు ఇది ఎలా చెబితే అర్థమవుతుందో నాకు తెలియదు. మా ఇంట్లో కోడలు మామగారి ఎదుట గొంతెత్తదు. ఆయన ఇంట్లో ఉంటే కాళ్లు చాపి కూర్చోదు. పెళ్లయిన నాటి నుంచి నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఏం కావాలన్నా అత్తమ్మతో చెప్పించుకోవడమే. ఆసుపత్రి మంచం మీద కూడా మోకాళ్లు ముడుచుకునే పడుకున్నాను. అలాంటిది ఆయన నాలుగు అడుగుల దూరంలో ఉండగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఆ పని! చచ్చిపోవడమే నయం అనిపించింది. ఆ మాట అలంకారానికి రాయడం లేదు. నిజంగా అలాగే అనుకున్నాను, వచ్చినప్పుడల్లా ప్రాణాలు బిగబట్టి ఆపుకున్నాను.

ఖాలాకు కోపం వచ్చింది. లేచి అత్తమ్మ దగ్గరికి వెళ్లింది. "అక్కా, మీరిద్దరు జెరసేపు బయట కూసోన్రి." అత్తమ్మ కదల్లేదు. ప్రాణం మీదికి వచ్చిన పిల్లను పరాయి మనిషికి వదిలి ఎక్కడికి పోతామంది. ఆమె అన్నదీ తప్పేం కాదు, ప్రేమ కొద్దీ అన్నది. ఆ ప్రేమే నా కడుపులో గాలికి అడ్డం కూర్చుంది.

సాయంత్రం దానంతటదే దారి దొరికింది. సర్కారు వారి ముఖ్యమైన మాట రేడియోలో వస్తుందని కబురు పాకింది. ఆఫీసు గదిలోని రేడియోను వరండా కిటికీలో పెట్టారు. నర్సులు, తోటీలు, రోగుల తాలూకు మనుషులు, నడవగలిగిన రోగులు అందరూ వరండాలోకి వెళ్లారు. మామగారు లేచారు. ఆయన వెనక అత్తమ్మ కూడా, ఇప్పుడే వస్తానే అంటూ వెళ్లింది. వార్డులో లేవలేని ముగ్గురం మిగిలాం, ఖాలా మిగిలింది.

ఆ రేడియో మాట వినాల్సిన అవసరం అందరికంటే ఆమెకే ఎక్కువ. భర్త ఆ పట్టాల మీద ఎక్కడో ఉన్నాడు. యుద్ధం సాగుతుందో ఆగుతుందో, ఎవరు గెలిచారో, రేపు తన క్వార్టరు తనకుంటుందో లేదో ఆ కిటికీలోంచే తెలియాలి. ఆమె తలుపు దాకా నడిచింది. వరండాలోకి తొంగి చూసింది. వెనక్కి వచ్చి స్టూలు లాక్కుంది.

"మోకాళ్లు చాపు. ఎవ్వరు లేరు. మౌలాలి..."

వత్తసాగింది. బయట రేడియోలో ఉర్దూ మాటలు బొంగురుగా వినిపిస్తున్నాయి, నాకు ఒక్కటీ అర్థం కావడం లేదు. ఆమెకు అన్నీ అర్థమవుతున్నాయి. భువనగిరి. వంగపల్లి. ఆలేరు దగ్గర ఉండగా వరండాలో ఒక్కసారిగా గోల లేచింది. ఊడ్చే ఆమె తలుపులోంచి తల పెట్టి, "లడాయి ఖతమైంది! మన సర్కారు చేతులెత్తింది!" అని అరిచి పరిగెత్తింది. ఎవరో జై కొట్టారు. చివరి మంచం మీది ముసలి బేగం ముసుగు కప్పుకుని సన్నగా ఏడవడం మొదలుపెట్టింది.

ఖాలా వేలు నా ఎముక పక్కన ఆగిపోయింది. ఆమె చెయ్యి చల్లబడడం నాకు తెలిసింది. లేచి పోతుందనుకున్నాను, పోయినా నేను ఏమీ అనుకునేదాన్ని కాదు. ఆమె వేలు మళ్లీ లోపలికి దిగింది.

"పెంబర్తి" అంది.

కాజీపేట చేరింది. కాలు మార్చింది. వెనక్కి వస్తూ మళ్లీ ఆలేరు దాటింది, వంగపల్లి దాటింది. బయట అరుపులు పెరుగుతున్నాయి. భువనగిరి దగ్గర నా కడుపులో పెద్దగా ఏదో దొర్లింది. ఈసారి నేను పట్టి పెట్టలేదు. ఏమని రాయను, ఆ చప్పుడు నాకే భయం వేసింది! కోత నొప్పితో ఏడుస్తూ నవ్వాను. ఎదురు మంచం మీది బాలింత కూడా కిసుక్కున నవ్వింది. కడుపు మీది నుంచి ఎవరో బండరాయి దించినట్టయింది. కాలు వత్తడం వల్లనో, అత్తమామలు గది దాటడం వల్లనో, ఇప్పటికీ చెప్పలేను. రెండూ ఖాలా పట్టుదలే.

"పోయింది ఖాలా, ఇగ చాలు" అన్నాను.

ఆమె ఆపలేదు. నా మాట విన్నట్టే లేదు. బీబీనగర్. ఘట్‌కేసర్. వేలు పట్టు తప్పలేదు. చర్లపల్లి. మౌలాలి. అక్కడ చెయ్యి తీసింది. నా మోకాళ్ల మీద దుప్పటి కప్పి, తన మంచానికి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు కదలడం చూస్తూ ఉన్నాను.

కథ అంతటితో అయిపోవాలి. నా సిగ్గు అవనివ్వలేదు.

దీపాల వేళకు డాక్టరమ్మ వచ్చింది. అత్తమ్మ మంచం పక్కన, మామగారు తలుపు దగ్గర యథాస్థానంలో ఉన్నారు. "గాలి పోయిందా?" అంది డాక్టరమ్మ. అందరూ నా వైపు చూశారు. తల అడ్డంగా ఊపాను. లేదని!

డాక్టరమ్మ చెవి గొట్టం నా కడుపుకు ఆనించి విన్నది. మొహం చిట్లించింది. "ఏదో కదులుతున్నట్టే ఉంది. కానీ గాలి పోలేదంటోంది. ఉబ్బు అంత తగ్గలేదు. పొద్దున్నే తెరుద్దాం." మామగారి దగ్గరికి వెళ్లబోయింది.

పక్క మంచం కిర్రుమంది. ఖాలా లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పోయింది డాక్టరమ్మా. నేను విన్న."

అత్తమ్మ తిరిగింది. "మా పిల్ల లేదంటుంటే నువ్వెట్ల పోయిందంటవు? నీ వత్తుడు గెలవాలెనని అంటున్నవా?"

ఎదురు మంచం బాలింత ఏదో అనబోయి, ఇంతమందిలో ఆ మాట అనలేక దుప్పటి కప్పుకుంది. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరి మాట నమ్మి కత్తి పట్టాలి, ఎవరి మాట నమ్మి మానాలి?" అంది.

ఖాలా లేచి వచ్చి నా తల దగ్గర నిలబడింది. గొంతు పెంచలేదు.

"బిడ్డా, ఇయ్యాల ఈ ఊళ్లె నేనేం చెప్పినా ఎవ్వరు నమ్మరు. నువ్వు చెప్పు. కడుపు నీది, పానం నీది. నీ నోటితోని చెప్పు."

భర్త జాడ లేని మనిషి. సర్కారు కూలిన పూట. ఆ మనిషి నన్ను మాత్రం వదలడం లేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. మోచేతుల మీద లేచి, తలుపు దగ్గరి తెల్ల తలపాగాను చూస్తూ గట్టిగా చెప్పాను.

"గాలి పోయింది మామా."

నా మామగారితో నా జన్మలో నేను మాట్లాడిన మొదటి మాట అది.

మామగారు మెల్లగా తిరిగారు. ఆయన నా మొహం సరిగ్గా చూడడం కూడా అదే మొదటిసారి అనుకుంటాను. "మంచిది బిడ్డా" అన్నారు. తర్వాత ఖాలా వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. "అమ్మా, మీ ఇంటాయన బండి ఏ దిక్కు పోయింది? జనగామల, కాజీపేటల మా కట్టె బేరగాళ్లున్నరు. దారి తెరిచినంక ఆరా తీయిస్త." అత్తమ్మ లేచి తను కూర్చున్న స్టూలు ఖాలా వైపు జరిపింది. ఆ రాత్రి నాకు చెంచాతో నీళ్లు పట్టింది ఖాలానే. అంత రుచి నీళ్లు మళ్లీ తాగలేదు.

నన్ను ఇంటికి పంపేనాటికి ఆమె భర్త సంగతి తెలియలేదు. మామగారు కబుర్లు పంపారు, జవాబులు రాలేదు. మేం బోయిగూడ నుంచి, ఆమె మౌలాలి నుంచి, ఎవరి బతుకుల్లో వాళ్లం పడిపోయాం.

రెండేళ్ల తర్వాత మోండా మార్కెట్టులో, చంకలో పిల్లాడితో, మామగారి వెనక నడుస్తున్నాను. అవతలి వైపు కూరగాయల గుట్టల మధ్య నుంచి ఒక గొంతు బజారంతా వినపడేలా అరిచింది.

"ఓ పిల్లా! గాలి మంచిగ పోతున్నదా?"

నేల చీలితే దూరిపోదును. మామగారు ఆగారు. ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఆ మనిషి నవ్వగా చూసింది నేను ఆ ఒక్కసారే. ఖాలా జనాన్ని తోసుకుంటూ వచ్చింది, వెనక సంచీ మోసుకుంటూ బక్కపలచటి మనిషి ఒకాయన.

"గీయననే" అంది ఆయన రెక్క పట్టి ముందుకు లాగుతూ. "ఘన్‌పూర్ కాడ ఇంజను ఇడిచి, పట్టాలెంబడి నడుసుకుంట వచ్చిండు. పగలు దాక్కునుడు, చీకటైతే నడుసుడు. ఒక్క టేషను సుత ఇడువలే. నేను ఈడ వత్తుతుంటే ఆయన ఆడ నడిచిండు."

ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. ఖాలా నా పిల్లాడి కడుపు మీద వేలితో తట్టి చూసి, మెత్తగా ఉందని తృప్తిపడి, టమాటాల బేరంలోకి వెళ్లిపోయింది. ఆమెను నేను చూడడం అదే ఆఖరు.

మొన్న ఆసుపత్రిలో నర్సుకు ఇంకో రోగి పిలుపు వచ్చి వెళ్లాక, నేను లేచాను. మా అబ్బాయిని, మనవడిని, కోడలిని గది బయటికి పంపాను. ఇప్పుడా పట్టింపులు లేవమ్మా అని మా అబ్బాయి గొణిగాడు. లేకపోతే మరీ మంచిది, పో అన్నాను. పిల్ల వేళ్లతోనే కొలిచి, కుడి మోకాలి కింద బొటనవేలు ఆనించి, మౌలాలి నుంచి మొదలుపెట్టాను. ఎనభై దాటిన వేళ్లు, వంగపల్లికే పీకడం మొదలైంది. కాజీపేట చేరి, కాలు మార్చి, తిరుగు దారి పట్టాను.

జనగామ దగ్గర పిల్ల పకపకా నవ్వింది. "నానమ్మా, పోయింది! ఇగ చాలు, చేతులు నొస్తయి."

నేను చెయ్యి తీయలేదు. పెంబర్తి, ఆలేరు, వంగపల్లి, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి. మౌలాలిలో బండి ఆగాకే దుప్పటి కప్పాను.